వదులు కాని భుజం

మూడోసారి కూడా కండరాల బిగువు చూపే గీత పడుకోలేదు. వెనకసీట్లో యోరన్ ఒళ్ళో ఉన్న కంప్యూటర్ తెర మీద గొంగళిపురుగులా పాకుతూనే ఉంది.

"మళ్ళీ భుజం బిగబట్టారు, మార్గిట్ గారూ."

"బిగబట్టలేదు నాయనా. నా భుజం తీరే అంత."

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ ఊరి బయట, ప్రయోగాల కోసమే వేసిన ఖాళీ రోడ్డు అది. డ్రైవరు పక్కసీట్లో కూర్చున్న డెబ్బైమూడేళ్ళ మార్గిట్ మెడకీ భుజాలకీ బిళ్ళలు అంటించి తీగలు తగిలించారు. కారు నడిపే అమ్మాయి ఎబ్బా చెప్పాపెట్టకుండా బ్రేకు వేస్తుంది. ఆ క్షణాన కండరాలు ఎంత బిగుస్తాయో తీగలు చెబుతాయి. ఆ లెక్కలతో యోరన్ వాళ్ళు కంప్యూటర్లో ఒక మనిషిని చేసి, వేల ప్రమాదాల్లోకి తోస్తారు. ఇన్నాళ్ళూ ఆ మనిషి నడివయసు మగవాడే. ఇప్పుడు ముసలి ఆడవాళ్ళు కావాలన్నారు. షరతు ఒక్కటే: బ్రేకు పడేముందు ఒళ్ళు వదులుగా ఉండాలి. ముందే బిగుసుకుంటే ఆ లెక్క పారేయడమే. ఒక్కో మనిషికి కారు నాలుగు పరుగులే. ఇక మిగిలింది ఒకటి.

మార్గిట్ ఊరికే రాలేదు. తొమ్మిదేళ్ళ కిందట అడవిదారిలో కారు నడిపింది తనే. పక్కన ఆమె మొగుడు రూనె, దుప్పులు అడ్డొస్తాయేమో చూస్తానని కళ్ళు నులుముకుంటూ కూర్చున్నాడు. "నిద్రపో, నేనున్నానుగా" అంది. నిద్రపోయాడు. దుప్పి వచ్చింది. స్టీరింగు గట్టిగా పట్టుకున్న ఆమెకు మణికట్టు విరిగింది, అంతే. "ఆయనకు తెలియనైనా తెలియదమ్మా" అని ఆసుపత్రిలో ఓదార్చారు. ఆ ఓదార్పే ఆమెను ఇన్నేళ్ళుగా తింటోంది.

పొద్దున కాఫీ దగ్గర, యాలకుల రొట్టె తుంచుతూ యోరన్‌ని అడిగేసింది: "మెలకువగా, బిగబట్టుకుని ఉంటే మా ఆయన బతికేవాడా?"

"ఒక్క మనిషి సంగతి చెప్పలేమండీ. ఎప్పటికైనా చెప్పాలంటే వదులుగా ఉన్న ఒంటి లెక్కలు కూడా కావాలి. మీ వయసువాళ్ళవి మా దగ్గర లేవు."

ఆ మాట పట్టుకునే కారెక్కింది. ఒక్కసారి రూనె కూర్చున్నట్టు కూర్చోగలిగితే ఎప్పటికో, ఎవరికో జవాబు దొరుకుతుంది.

నాలుగో పరుగు. అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. దవడ వదిలింది. కారు సాఫీగా పోతోంది. వెనక గీత మెల్లగా దిగి, దాదాపు పడుకుంది. యోరన్ తెర మీదికి వంగాడు.

ఎబ్బా ఓరగా చూసి ముచ్చటపడింది. "అలాగే ఓ కునుకు తీయండి. నేనున్నానుగా."

గీత తెర అంచు దాకా ఎగిరింది. బ్రేకు ఇంకా పడనే లేదు.

కారు ఆగాక ఆ అమ్మాయి అడిగింది, "నేనేమైనా తప్పు మాట అన్నానా?"

"లేదమ్మా. మంచి మాటే. నేనూ అదే అన్నాను."

యోరన్ బిళ్ళలు ఒక్కొక్కటే ఊడదీశాడు. చర్మం ఎర్రగా కందింది.

"పారేస్తావా?"

"ఈ పనికి రాదండీ. ఏమీ అనుకోకండి."

వచ్చినవాళ్ళందరికీ ఇచ్చే సినిమా టికెట్లు ఆమెకూ ఇచ్చాడు. అతుక్కుని ఉన్నవి రెండు. మార్గిట్ ఒకటి చింపుకుని రెండోది సీటు మీద పెట్టింది.

"ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి" అంది ఎబ్బా.

"వద్దులే. పక్కసీట్లో ఎవరైనా కళ్ళు మూసుకుంటే నాకిక సినిమా కనపడదు."