ఇద్దరు చెన్నమ్మలు

పొద్దున్నే దొడ్డి తడిక తీయగానే ఎర్రమచ్చ గొర్రె ముందు లింగయ్య అరచెయ్యి నాకుతుంది. తర్వాత ఆయన కూతురు సరళ చెయ్యి నాకి, మందతో మేతకు పోతుంది. ఆ ఇంట పుట్టినవాళ్ళ చేతులు తప్ప ఇంకెవరి చెయ్యీ ముట్టదు. దాని తల్లీ అంతే, తల్లికి తల్లీ అంతే. లింగయ్య తల్లి రంగమ్మ యాభై ఏళ్ళకు పైగా ఆ మందకు నీళ్ళు తోడుతోంది గానీ, ఒక్కనాడూ వాటిలో దేనిచేతా నాకించుకున్నది లేదు. "నేను కోడల్ని. దానికి తెలీదా ఏంది?" అంటుంది. తర్లుపాడు చుట్టుపక్కల దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. సకాలంలో వాన పడితే వింతగానీ, గొర్రెకు తనవాళ్ళు తెలియడం ఏం వింత?

సరళకు మాత్రం వింతలన్నీ కంప్యూటర్లో కనబడుతున్నాయి. నెట్ సెంటర్లో పని తెమిలితే చాలు, ఆన్‌లైన్‌లో పెట్టిన పాత జాబితాలు తెరిచి కూర్చుంటోంది. కారణం గిద్దలూరు మహేంద్ర. ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు, పెద్దలూ కాదనలేదు. తీరా చూస్తే మహేంద్ర ముత్తాత మాలకొండయ్య, లింగయ్య కొడుకు, ఈ ఊరి నుంచే వలసపోయినవాడని తేలింది. సరళ పూర్వీకుల్లోనూ లింగయ్య కొడుకు మాలకొండయ్య ఉన్నాడు. ఇంటిపేర్లు వేరే, కానీ ఊరు మారినవాళ్ళకు ఇంటిపేరు మారడం మామూలే. ఇద్దరూ ఒకడే అయితే మహేంద్ర ఆమెకు అన్న వరస. అప్పుడిక పెళ్ళి మాటే ఉండదు.

ఒక జాబితాలో ఊరు కర్నూలు జిల్లాలో ఉంది, ఇంకోదాంట్లో ప్రకాశంలో ఉంది. ఊరు ఎక్కడికీ పోలేదు, జిల్లాలే దాని మీదుగా నడిచిపోయాయి. సరళ దొరికిన పేర్లన్నీ పలక మీద వంశవృక్షంగా గీసుకుని, ఇంటికి తెచ్చింది.

"అవ్వా, మన మాలకొండయ్య నూట ముప్పై ఏళ్ళు బతికినాడా?"

రంగమ్మ నవ్వింది. "తాత పేరు మనవడికి పెడతాం గదే. ముగ్గుర్ని తెచ్చి ఒకణ్ణి చేసినావు. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?"

సరళ సిగ్గుపడి, పాత రేషన్ జాబితా నుంచి పలక మీద ఎక్కించుకున్న పేర్లు చదివింది. "మాలకొండయ్య, రంగమ్మ, చెన్నమ్మ డెబ్భై మూడు, లింగయ్య ఆరు, చెన్నమ్మ మూడు. ఇదేంది, తాత వాళ్ళమ్మ చెన్నమ్మ జేజి పేరు రెండుసార్లు పడింది. డెబ్భై మూడు కొట్టబోయి మూడు కొట్టినారు." తడివేలితో రెండో పేరు తుడవబోయింది.

"అది తుడపబాక," అంది రంగమ్మ.

"తప్పు గదా అవ్వా?"

రంగమ్మ బిందె ఎత్తుకుని దొడ్లోకి పోయింది. సరళ ఆ పేరు అట్లాగే వదిలేసింది గానీ, మనసు దాని చుట్టే తిరిగింది.

"ఆ కంప్యూటర్‌తో ఎందుకు తంటా? ఎర్రమచ్చనే అడిగితే పోలా," అన్నాడు లింగయ్య.

ఆదివారం మహేంద్ర తల్లిదండ్రులతో ఆటో దిగాడు. ఎర్రమచ్చ అతని అరచెయ్యి వాసన చూసి మొహం తిప్పుకుంది. తండ్రి చెన్నకేశవులు చెయ్యి చాపితే తుమ్మింది.

"దాయాదులం కాదులే బావా," అని చెన్నకేశవులు నవ్వాడు. సరళకు ప్రాణం లేచొచ్చింది.

లింగయ్య గొర్రెను కట్టెయ్యబోయాడు. అది తాడు లాక్కుని, అరుగు చివర కూర్చున్న మహేంద్ర తల్లి రేణుక దగ్గరికి పోయి, ఆమె అరచెయ్యి నాకింది. ఆమె చెయ్యి తీసుకోబోతే రెండోవైపు కూడా నాకింది.

లింగయ్య తాడు వదిలేసి ఆమె దగ్గరికొచ్చాడు. "నీ పుట్టిల్లు ఏ ఊరు తల్లీ?"

"నాకు పుట్టిల్లు లేదన్నా. గిద్దలూరు స్టేషన్ కాడ టీకొట్టోళ్ళు పెంచినారు. మాలకొండ తిరునాళ్ళలో దొరికినానంట."

రంగమ్మ లేచి లోపలికి పోయింది. చేటనిండా బియ్యంతో తిరిగొచ్చి, "కొంగు పట్టు," అంది. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకు పోసినట్టే రేణుక ఒడిలో బియ్యం పోస్తూ, పోస్తూ ఏడ్చింది.

"నా చెయ్యి పట్టుకునే ఉన్నావు. జనం తోసుకునేసరికి నేనే విడిచినాను. మూడేళ్ళ పిల్లవి."

రేణుక ఒడి బరువుగా ఉంది, లేవలేకపోయింది. "నన్ను ఏమని పిల్చేదానివమ్మా?"

"మీ అవ్వ పేరే పెట్టుకున్నాం."

సరళ లోపలికి పరుగెత్తి పలక తెచ్చింది. రెండో చెన్నమ్మ మీద వేలుపెట్టి చూపించింది. "మూడేళ్ళని రాసుంది చూడు మేనత్తా."

ఇక వరస అడగాల్సిన పని ఎవరికీ లేకపోయింది. రేణుక ఆ రాత్రికి పుట్టింట్లోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే దొడ్డి తడిక తీశారు. ఎర్రమచ్చ లింగయ్య చెయ్యి నాకింది, సరళ చెయ్యి నాకింది. మంద కదిలినా అది కదల్లేదు. రంగమ్మ ఇంట్లోకి తొంగిచూసి పిలిచింది.

"లేవే చెన్నమ్మా. గొర్రె నీకోసం నిలబడింది."