పాప పెరిగిన పుస్తకం

రచయిత పోయి రెండేళ్లు తిరక్కుండానే ఆయన నవలకి ఎవరో రెండో భాగం రాసి, అచ్చేసి, అమ్మేసుకుంటున్నాడు. అడిగింది లేదు, చెప్పింది లేదు. రాసినవాడు బస్సు కండక్టరట! రచయిత తమ్ముడు వకీలు. ఒళ్లు మండి, నోటీసు టైపు చేయించి, పుస్తకంతో సహా వదినగారింటికి వచ్చాడు.

"హక్కులన్నీ నీవే వదినా. ఒక్క సంతకం పెట్టు చాలు, కాపీలన్నీ లాక్కొచ్చి చిత్తుకాగితాలకి వేయిస్తాను."

"చదివి పెడతాను" అందావిడ.

"అందులో చదవడానికేముంది, చెత్త!"

నిజానికి ఆవిడ మొదటి భాగమే పూర్తిగా చదవలేకపోయింది. అందులో పాప వాళ్ల పాపే. తొమ్మిదో ఏట జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో చేతుల్లోనే పోయింది. అది రాయడానికి ఆయనకి చెయ్యి రాలేదు. పాప కొత్త చెప్పులేసుకుని బడికి బయల్దేరిన దగ్గర కథ ఆపేశాడు. ముగింపు భలే ఉందని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోరూ మరి, కడుపుకోత వాళ్లది కాదుగా! కండక్టరుకి మాత్రం ఏం తెలుసు పాపం? ఆ పిల్ల తర్వాత ఏమైందో తెలియక ఉండబట్టలేక రాసినట్టున్నాడు.

మరిది కాఫీ తాగుతుంటే ఆవిడ పేజీలు తిప్పింది. అచ్చుతప్పులు కుప్పలుతెప్పలు. అయితేనేం, పాప పదో తరగతి గట్టెక్కింది. కళ్లజోడు పెట్టుకుంది. నర్సయింది. ఒకడితో రోజూ కీచులాడి, చివరికి వాణ్ణే చేసుకుంది. ఆవిడకి నవ్వొచ్చింది. మరి తనెక్కడుంది? వంటింట్లో లేదు, పెళ్లిలోనూ లేదు. వెనక్కి తిప్పి వెతికితే మొదటి పేజీలో కనిపించింది. పాప బడి నుంచి వచ్చేసరికి తల్లి పోయింది.

మరిది తొంగిచూసి మండిపడ్డాడు. "చూశావా? నిక్షేపంలా ఉన్న నిన్ను చంపేశాడు! ఇంకా ఆలోచిస్తావేంటి, పెట్టు సంతకం."

ఆసుపత్రి వరండాలో ఆ నాలుగు రోజులూ ఆవిడ కోరుకున్నది అదొక్కటే, దాని బదులు తనని తీసుకుపొమ్మని. అప్పుడు ఎవరూ వినిపించుకోలేదు.

ఆవిడ పెన్ను మూత పెట్టేసింది.

"వద్దు నాయనా. ఇందులో అది బతికుంది. నా చేత్తో దాన్ని మళ్లీ చంపించకు" అని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని బావురుమంది.