ధాత ఏటి జాడీ

తీపి వాసన.

ఎండుద్రాక్షా బెల్లమూ తేనే కలిసి ఏళ్ల తరబడి మగ్గిన వాసన. మూతకు గుడ్డ చుట్టి, మన్ను మెత్తి, ఆపైన మైనం పూసినా ఆగని వాసన. సన్నగా, ఉందో లేదో అన్నట్టుగా...

ఆ వాసన వస్తే చౌడేశ్వరి ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తుంది.

ఇంకో జాడీ తీసుకొని ఉంటే బాగుండేది.

పందొమ్మిది వందల ముప్పై ఆరు. ఆ ఉగాదికి ధాత మళ్ళీ వచ్చింది. తెలుగు ఏళ్లు అరవై. ఒక్కొక్కటీ వెళ్లిపోయి, అరవై ఏళ్లకు తిరిగొస్తుంది. ప్రభవ వచ్చినా విభవ వచ్చినా ఎవరూ పట్టించుకోరు. ధాత వచ్చిందనేసరికి మాత్రం హిందూపురం అంగళ్లలో ముసలివాళ్లు మాట తగ్గించారు. పోయినసారి ధాత వచ్చినప్పుడు వాన రాలేదు. ఆ కరువుకు ఆ ఏటి పేరే మిగిలిపోయింది — ధాత కరువు.

ధర్మవరంలో ఆమె నాయన ఆదెప్ప పుట్టింది ఆ ఏడే.

నేతగాళ్ల ఇంట్లో. గుడ్డ కొనే దిక్కు లేక మగ్గం ఆగిపోయిన ఇంట్లో.

ఆదెప్ప పుట్టినరోజు ఏనాడూ చేసుకోలేదు. నీ వయసెంత అని ఎవరైనా అడిగితే — ధాత, అనేవాడు. అంతే. అంతకు మించి చెప్పేవాడు కాదు.

తీపి తినేవాడు కాదు. బెల్లంముక్క నోట పెట్టేవాడు కాదు. పెళ్లిళ్లలో పాయసం వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. మా నాయన ఇంట్లో చీమలకు కూడా పస్తే అని చౌడేశ్వరి చిన్నప్పుడు ఆటపట్టించేది. ఆయనా నవ్వేవాడు. ఎందుకు తినవని ఆమె అడగలేదు.

అడిగి ఉండాల్సింది.

ఆ ఉగాది తర్వాత ఆయన చెయ్యి మగ్గం మీద మందగించింది. భార్య పోయి అప్పటికి చాలా కాలం. ఒంటరి మనిషి. ఒకరోజు తెగిన పోగు అతుకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"నన్ను తెచ్చిన ఏడే నన్ను తీసకపోతాది లేమ్మా."

మామూలుగా అన్నాడు, సంతకు పోయొస్తానన్నట్టు. అందుకే ఆమెకు భయమేసింది.

అప్పుడే అనుకుంది — అరవై నిండిన రోజున నాయనకు ఆ ఏటిదే ఏదైనా ఇవ్వాలి. ఆ ఏట కట్టిపెట్టినది. ఇన్నేళ్లూ చెడకుండా నిలిచినది. నోట పెడితే తీయగా ఉండేది. ధాతలో ఆకలి ఒక్కటే లేదు నాయనా, ఇదీ ఉండింది — అని చూపించాలి. చూస్తే ఆయనకు ఆ ఏడంటే బెరుకు పోతుంది. ఇంకొన్నాళ్లు ఉంటాడు.

ఎంత మంచి ఆలోచన అనుకుందో!

తలచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

ఆమెను ఇచ్చింది హిందూపురానికి. బెల్లానికీ చింతపండుకూ పేరుపడిన ఊరు. మండీలో రంగప్పను అడిగింది, పాత చింతపండు ఉందా, ధాత ఏటిది. రంగప్ప నవ్వబోయి ఆగాడు.

"ధాత ఏటి చింతపండా? ఆ ఏడు చింతగింజలు గూడా దంచుకొని తాగినారంట తల్లీ. దాచిపెట్టేదానికి యాడ మిగులుతాది?"

ఆ మాట వింది. చెవితో వింది, అంతే.

పాత తేనె కోసం లేపాక్షి దాకా మనిషిని పంపింది. లేదన్నారు. చివరకు పక్కింటి శ్యామలమ్మ చెప్పింది. పెనుకొండలో వైద్యం చేసే ఆచార్ల ఇల్లుందనీ, ఏటికొక జాడీ ద్రాక్షాసవం కట్టిపెడతారనీ, అది పాతదయ్యేకొద్దీ గుణమనీ.

రైలెక్కి పెనుకొండలో దిగింది.

కొండ కింద, కోటగోడ నీడలో పాత ఇల్లు. లోపల చీకటిగది. గోడవారగా జాడీలు. ఒక్కోదాని మీద సున్నంతో ఏటి పేరు. ద్రాక్షాసవమంటే కల్లుకు దూరపు చుట్టం, కషాయానికి దగ్గర చుట్టం. ఎండుద్రాక్షను కాచి, బెల్లమూ తేనే పోసి, మూత బిగించి, ధాన్యపు రాశిలో పూడ్చిపెడతారు. ఆ వెచ్చదనానికి అది లోపలే పులుస్తుంది. శ్రీనివాసాచారి ఇదంతా ఓపిగ్గా చెప్పాడు. ముప్పై దాటని మనిషి. మంచివాడు.

రెండు జాడీలు వెలుతురులోకి తెచ్చాడు.

"ధాత వద్దులేమ్మా. ఇదో, బహుధాన్య తీసుకోండి. కరువు పోయి వానలు పడినాక కట్టింది. మీ నాయనకు అప్పుడు రెండేండ్లుంటాయి గదా, అదీ ఆయన కాలమే. రుచి దీనిదే రుచి."

బహుధాన్య జాడీ పెద్దది. నిండుగా, బరువుగా ఉంది. మూతకు ముక్కు ఆనిస్తే ఘాటుగా, ధీమాగా వాసన వచ్చింది. ధాత జాడీ చిన్నది. చేతిలో ఇమిడేటంత. దాని వాసన కోసం ముక్కు వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఆ ఏడు పెనుకొండలో ఇంకెవరూ కట్టలేదమ్మా. మా తాత ఒక్కడే కట్టినాడు."

గొప్పగా చెప్పాడు. ఆమె కూడా గొప్పగానే వింది.

ఆ మాట దగ్గర ఆగి ఉండాల్సింది... ఊరంతా చింతగింజలు దంచుకునే ఏట ద్రాక్ష కాచిన పొయ్యి. జాడీని పూడ్చడానికి రాశి పోసిన ధాన్యం. అన్నీ రంగప్పా ఆచారీ చెప్పినవే. పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు. ఆమె చూసుకోలేదు. నాయన ముఖమే కళ్ల ముందు ఆడుతోంది.

తన చేత్తో నేసిన పట్టుపంచె ఆచారికిచ్చి, ధాత జాడీ తీసుకుంది.

పెనుకొండ నుంచి ధర్మవరం దాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది. కిటికీలో బండలు. ఎండిన చెరువు. మళ్ళీ బండలు. ఎదుటి బల్ల మీది ముసలమ్మ, ఏమే తల్లీ, పసిబిడ్డా, అని అడిగింది. చౌడేశ్వరి నవ్వింది. అంత సంతోషంగా ఆమె ఏ రైల్లోనూ కూర్చోలేదు.

అరవై నిండిన రోజున చౌడమ్మ గుళ్లో పూజ అయింది. నలుగురినీ పిలిచి అన్నం పెట్టారు. అందరూ వెళ్లిపోయాక, మధ్యాహ్నం వేళ, మగ్గం పక్కన కూర్చున్న నాయన ముందు జాడీ పెట్టింది.

"ఇది నీ ఏటిది నాయనా. నువ్వు పుట్టిన ఏడు కట్టినారు."

"నా ఏటిదా?"

పిల్లవాడిలా అడిగాడు. జాడీని రెండు చేతుల్లోకి తీసుకొని బొటనవేలితో నిమిరాడు, పట్టు నాణ్యం చూసినట్టు. ఆ ముఖం... ఆ కాసేపే. ఆమె మళ్ళీ ఆ ముఖం చూడలేదు.

వంగి వాసన చూశాడు.

"ఏంది ఇది?"

"ద్రాక్షాసవం. పెనుకొండలో తెచ్చినా. ఒక్క గుక్క తాగు నాయనా."

చేతులు ఆగిపోయాయి.

"ఆ ఏడు ఎవురింట్లోమ్మా ద్రాక్ష ఉండె?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు. కొండ కింద ఆచార్ల ఇల్లని ఆమె చెప్పింది. ఆయన జాడీని ఒళ్లో దించుకున్నాడు. తర్వాత చెప్పాడు. అరవై ఏళ్లలో మొదటిసారి.

"మాయమ్మ నన్ను చంకనేసుకొని, మా అక్కను చెయ్యి పట్టుకొని పెనుకొండకు నడిచిందంట. గంజి పోస్తాండారని ఎవురో చెప్తే. కొండ కింద ఒక వాకిట్లో తీపి వాసన వచ్చిందంట. అక్క ఆడ్నే కూచుండెంట, లేయనని. మాయమ్మ చెయ్యి చాపి ఒక్క గుక్క అడిగిందంట. అది మందు, దినాలు నిండేదాకా తెరవగూడదు — అన్నారంట."

"అక్క?"

"తిరిగి రాలేదు. దోవలోనే పాయె. ఎల్లమ్మ అని పేరు. నాలుగేండ్లు."

మగ్గం మీద పోగులు ఊరికే కదులుతున్నాయి, గాలికి.

చౌడేశ్వరి జాడీ లాక్కుంది. పారబోసొస్తానని లేచింది. ఆయన కొంగు పట్టుకొని ఆపాడు.

"పారబోయొద్దుమ్మా. అక్క అడిగిండేది అదే గదా." ఆగి, మళ్ళీ అన్నాడు. "నువ్వేం జేస్తావులే. నీకు తెలీదు గదా."

ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

తనే లేచి జాడీని గూట్లో పెట్టాడు. తాగలేదు. తెరవలేదు. పారెయ్యనూ లేదు.

ధాత ఆయన్ను తీసుకుపోలేదు. దాని మానాన అది వెళ్లిపోయింది. ఆయన ఇంకా కొన్నేళ్లు ఉన్నాడు, నేశాడు, గూటికి వీపు పెట్టుకొని. చీమల మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. యుద్ధం మొదలైన మూడో ఏట ఆయన పోయాడు. జాడీ హిందూపురం వచ్చి చౌడేశ్వరి వంటింటి గూట్లో కూర్చుంది. ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. తాగేది కాదు. ఎవరికైనా ఇచ్చేది కాదు. దినాలు ఎప్పుడో నిండాయి.

బహుధాన్య తీసుకొని ఉంటే... నాయన తాగేవాడేమో. తాగకపోయినా, ఆ ముఖం ఇంకొంచెంసేపు అలాగే ఉండేదేమో.

యుద్ధం ఇంకా నడుస్తోంది. బియ్యం కార్డుల రోజులు. మడకశిర వైపు వానల్లేవు. ఒక మధ్యాహ్నం ఒకామె బిడ్డను చెయ్యి పట్టుకొని వాకిట్లో నిలబడింది. చౌడేశ్వరి రాగి అంబలి తెచ్చి పోసింది. ఆమె గబగబా తాగింది.

బిడ్డ తాగలేదు. ముక్కు పైకెత్తి చూస్తోంది. వంటింటి వైపు.

"అవ్వా, ఆడ తీపి వాసన వస్తాండాది. నాకు కొంచెం."

"అది మం—"

నోటి నుంచి సగం వచ్చేసింది. ఎవరూ నేర్పకుండానే, తడుముకోకుండానే వచ్చింది. పెనుకొండలో ఆ వాకిట్లో అన్న మాటే. మిగతా సగం చౌడేశ్వరి మింగేసింది.

లోపలికి వెళ్లి జాడీ దించింది. మూత మీది మైనంలో గోరు గుచ్చింది. అది మందో, విషమో, వట్టి పులుసో... ఇన్నేళ్లకు ఏమై ఉందో ఎవరికి తెలుసు. పసిబిడ్డకు పొయ్యవచ్చో లేదో ఎవరిని అడగాలి.

వాకిట్లో తల్లి పిలుస్తోంది, పోదాం రా అని. బిడ్డ గడప మీద కూర్చుంది. లేవనంది.

గోరు కింద మైనం చిట్లింది.

తీపి వాసన.

సన్నగా, ఉందో లేదో అన్నట్టుగా...