ఆకుపచ్చ నూగు

కొట్టు కట్టేసేముందు టైలరమ్మ నేలమీద అయస్కాంతం తిప్పుతుంది. రాలిన గుండుసూదులన్నీ దానికి అంటుకుంటాయి. తర్వాత కూతురు పని నుంచి వచ్చి స్టూలు మీద కూర్చుంటే, అదే అయస్కాంతాన్ని ఆమె వీపు మీద తిప్పుతుంది. ఒంట్లో చేరిన ప్లాస్టిక్ నూగు పైకొచ్చి అంటుకుంటుంది. పక్కింటావిడ కూడా వారానికోసారి వచ్చి కూర్చుంటుంది. "నాది నీళ్ల సీసాలదే, ఎంతో ఉండదు," అంటుంది.

కూతురిది దుప్పట్ల ఫ్యాక్టరీలో పని. కటింగ్ గదిలో ఆ రోజు ఏ రంగు పాలిస్టర్ కోస్తే ఆ రంగు నూగు వచ్చేది. దగ్గు ముదిరాక డాక్టరు ఒక్క ముక్కే చెప్పాడు: "ఆ గది మానకపోతే ఊపిరితిత్తులు పాడవుతాయి."

"నన్ను ఆఫీసులోకి మార్చారమ్మా," అంది కూతురు సోమవారం.

మంగళవారం అయస్కాంతం నిండా ఆకుపచ్చ నూగు.

"ఏమే, మీ ఆఫీసులో అందరూ పచ్చ దుప్పట్లు కప్పుకుని కూర్చుంటున్నారా?"

కూతురు నవ్వబోయి దగ్గింది. "మార్చమని అడిగానమ్మా. గదిలో దుమ్మే లేదన్నాడు మేనేజరు. నాది ఒట్టి జలుబట."

టైలరమ్మ ఆ నూగును పొట్లం కట్టి సొరుగులో పెట్టింది.

శనివారం ఆ మేనేజరే వచ్చాడు. "నడుం కాస్త వదులు చెయ్యాలమ్మా. ఉతికితే బిగిసిపోయింది."

"ఉతుకులు అలాగే ఉన్నాయి బాబూ ఈమధ్య," అంటూ ప్యాంటుకి సూదులు గుచ్చింది. లేస్తుంటే చేతిలోది ఒకటి జారి ఆయన చొక్కా జేబులో పడింది. తీయడానికి అయస్కాంతం ఆయన గుండెల మీద పెట్టింది. సూది వచ్చింది. వెనకాలే ఆకుపచ్చ నూగు, దాని వెనక నీలం, గులాబీ, ఎన్నాళ్లవో రంగులన్నీ వరసగా.

"నేను కటింగ్ గదిలో అడుగే పెట్టనే! అద్దాల గదిలో ఉంటాను."

"మీ గదిలోకి గాలి ఎక్కడినుంచి వస్తుంది బాబూ?"

సొరుగులోని పొట్లం విప్పి పక్కన పోసింది. "ఇది మీ కటింగ్ గదిలో పనిచేసే మా అమ్మాయిది."

ఆయనదే పెద్ద కుప్ప. ఆయనకి రోజూ తీసేవాళ్లు లేరు మరి.

"ఇంట్లో పసిపిల్ల ఉందమ్మా," అన్నాడు. "వెళ్లగానే ఎత్తుకుంటాను."

సూదులు గుచ్చిన ప్యాంటుతోనే వెళ్లిపోయాడు.

సోమవారం కటింగ్ గదికి తాళం పడింది. నూగు పీల్చే గొట్టాలు బిగించాకే తెరిచారు. కూతురికి లేబుళ్లు చూసే పని ఇచ్చారు, వేరే అంతస్తులో. నూగు మొదట చిటికెడు వచ్చింది, తర్వాత నలుసంత.

ఒక సాయంత్రం అయస్కాంతం వీపంతా తిరిగొచ్చింది. దానికి ఒక్క గుండుసూది అంటుకుంది.

"అది నీదేనమ్మా," అంది కూతురు, దగ్గకుండా.