ఆవిడ చెత్త

నూనె చుక్క లేకుండా, ఉప్పు రవ్వ లేకుండా గైకిమ్ మూకుట్లో బియ్యం వేయిస్తోంది. బయట పొద్దుటి నుంచీ వాన. మలేషియాలోని ఈ తైపింగ్‌లో వాన పడటం విశేషం కాదు. ఆగితేనే జనం తలెత్తి ఆకాశం కేసి అనుమానంగా చూస్తారు. గింజలు తేనెరంగుకి తిరిగి చిటపటమనేదాకా గరిటె ఆపకూడదు. ఆపితే అడుగున మాడతాయి. మాడితే మసి రాలుతుంది. మసి ఫొటో నెగటివ్‌కి అంటుకుంటే ఇక వదలదు.

"మనుషులకి గంజి, డబ్బాలకి వేపుడు. ఈ ఇంట్లో ఎవరు పెద్దో నాకిప్పటికీ అర్థం కాలేదు" అన్నాడు భర్త తియాన్ లాయ్, కాఫీ గ్లాసు కోసం వంటింట్లోకి వచ్చి.

నలభై ఏళ్లుగా నెలకోసారి అదే హాస్యం. మొదట్లో గైకిమ్ నవ్వేది. తర్వాత ఎప్పుడు మానేసిందో ఆమెకీ గుర్తు లేదు, ఆయన గమనించనూ లేదు.

చల్లారిన బియ్యాన్ని పాత దిండుగలీబుల గుడ్డతో కుట్టిన చిన్న చిన్న సంచుల్లో పోసి మూతి కట్టింది. బిస్కెట్ డబ్బాకి ఒక సంచి. అలాంటి డబ్బాలు మేడమీద నూట పన్నెండు ఉన్నాయి. వాటి నిండా తమ సున్ లియోంగ్ స్టూడియోలో ఇన్నేళ్లూ ఫొటో దిగిన వాళ్ల నెగటివ్‌లు, ఒక్కొక్కటీ ఒక్కో కాగితం కవరులో. పెళ్లయిన రెండో ఏడు వానల్లో ఒక డబ్బా తెరిస్తే లోపల దూదిలా బూజు. ఒక వీధి మొత్తం మనుషులు ఆ బూజులో కలిసిపోయారు. "మూత సరిగ్గా పెట్టలేదా? నీ ధ్యాస ఎక్కడుంది?" అని తియాన్ లాయ్ కేకలేశాడు. ఆ రాత్రి అందరికీ అన్నం వడ్డిస్తూ ఉప్పు డబ్బా కేసి చూసింది గైకిమ్. అందులో ఉప్పు చెమ్మకి ముద్ద కట్టకుండా అత్తగారు నాలుగు వేయించిన బియ్యపు గింజలు వేసేది. అంతే, మర్నాడే మూకుడు పొయ్యెక్కింది. ఆ అత్తగారే నెత్తి కొట్టుకుంది. "మెతుకు కింద పడితే ఏరుకు తినే కొంప మనది. గుప్పెళ్ల కొద్దీ బియ్యం బూజుకి నైవేద్యం పెడతావుటే?" కానీ ఆ తర్వాత ఈ ఇంట్లో ఒక్క ముఖం కూడా పాడవలేదు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. పాడైతే కదా మాటొచ్చేది.

ముందు గదిలో తియాన్ లాయ్ ఫొటో తీసేవాడు, వెనక చీకటి గదిలో గైకిమ్ కడిగేది. ఆయన చేతిలో పనితనం ఉన్న మాట నిజమే. బిగుసుకుపోయి కూర్చున్న మనిషిని ఒక్క వెటకారంతో వదులు చేసి, ఆ నవ్వు పెదాల మీదికి రాబోయే ముందు పట్టుకునేవాడు. ఊరంతా ఆ మాటే చెప్పుకునేది. ఫిల్ములు కడిగే మందునీళ్లలో నానీ నానీ గైకిమ్ వేళ్లు గోధుమరంగు తేలాయి. పెళ్లి విందుల్లో చేతులు బల్ల కింద దాచుకునేది. ఆరేసిన నెగటివ్‌లూ, పసికొడుకు పొత్తిగుడ్డలూ ఒకే తీగ మీద వేలాడేవి. ఒకటి తడిమి ఆరిందో లేదో చూస్తే రెండోదీ తెలిసిపోయేది. వాటి తర్వాత గిన్నెలు. గిన్నెల తర్వాత అత్తగారి కాళ్లు. రోజు మొత్తంలో ఆమె చేతులు పొడిగా ఉండేది కవర్ల మీద పేర్లు రాసేటప్పుడే. అందుకేనేమో, ఆ పని ఆమెకి ప్రాణం. నాలుగో తరగతితో ఆగిన చదువు కాబట్టి మలయ్ పేర్లైనా తమిళ పేర్లైనా చెవికెలా వినపడితే అలా చైనీస్ అక్షరాల్లో రాసుకునేది. పేరొక్కటే రాస్తే ఒకే పేరున్నవాళ్లు కలిసిపోతారని పక్కన ఇంకో రెండు ముక్కలు రాసేది. ఎవరి మనిషి, ఎక్కడ ఉంటుంది, ఆ రోజు ఏం జరిగింది. మగవాళ్ల కోసం స్టూడియోలో ఒక కోటు ఉండేది. ఆడవాళ్లకి ఏమీ ఉండేది కాదు. చిరుగు రవికతో వచ్చినామెకి గైకిమ్ లోపలికి తీసుకెళ్లి తన నీలం రవిక ఇచ్చేది. అప్పుడు కవరు మీద "రవిక నాది" అని కూడా రాసేది.

ఈసారి బియ్యం వేయించిన నెలలోనే హస్లిందా వచ్చింది. ఊరి పెద్దలు కొందరు కలిసి చరిత్ర సంఘం పెట్టారు. పాత గోడౌను ఒకటి బాగుచేయించి, అందులో ఊరి పాత ఫొటోలు భద్రపరిచి, ప్రదర్శన పెట్టే పని ఈ అమ్మాయికి అప్పగించారు. నెత్తిన ముసుగు, చేతులకి తెల్లటి తొడుగులు, ఫొటోని పసిపిల్లలా రెండు చేతులతో ఎత్తుకునే అలవాటు. గైకిమ్‌కి ఆ అమ్మాయి మొదటిరోజే నచ్చింది.

తియాన్ లాయ్ సంబరానికి పట్టపగ్గాల్లేవు. రెండు వందల ఫొటోలు తనే ఏరాడు. గడియారపు స్తంభం, వరదలో బజారు, క్లబ్బులో విందులు, అధికారులు రిబ్బన్లు కత్తిరించడం. ప్రతి ఫొటోకీ ఏ కటకం వాడాడో, ఎండ ఎటు నుంచి పడిందో గడగడా చెప్పాడు.

"ఈవిడ ఎవరు అంకుల్?" అంది హస్లిందా వరద ఫొటోలో ఒకామెని చూపించి.

"ఎవరో చేపలమ్మి."

టీ పట్టుకొచ్చిన గైకిమ్ పళ్లెం దించుతూ, "చేపలమ్మి కాదు, పంతులమ్మ. పేరు లీలావతి. చంకలో ఉన్నది చేపల బుట్ట కాదమ్మా, బళ్లో పిల్లల హాజరు పట్టీలు. నీళ్లలో పోతాయని మోసుకొచ్చింది" అంది.

హస్లిందా కలం ఆగిపోయింది. లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపింది. "ఆంటీ, మీరు ఇక్కడ కూర్చోండి."

తియాన్ లాయ్ పకపకా నవ్వాడు. "ఆవిణ్ణి కూర్చోబెడితే అయినట్టే! నేను తీసేవాణ్ణి, ఆవిడ కడిగేది. కడిగేవాళ్లకి ఊసులెక్కువ."

గైకిమ్ కూర్చోలేదు. పొయ్యి మీద పులుసుంది. కానీ వంటింట్లోకి వెళ్తుంటే ఆ జరిపిన కుర్చీ చప్పుడు వెంటే వచ్చింది. ఈ ఇంట్లో తన కోసం ఎవరైనా కుర్చీ జరపడం ఎప్పుడైనా విన్నదా అని ఆలోచించింది. ప్రసవం రోజున మంత్రసాని జరిపింది. తర్వాత మళ్లీ ఇదే.

ఆదివారం కొడుకు చీవెంగ్ భోజనానికి వచ్చాడు. వాళ్లుండే వెనక వాటా వదిలి స్టూడియో ముందు భాగం, మేడా రెండూ ఒక కాఫీ హోటలుకి అద్దెకిచ్చే ఏర్పాటు చేశాననీ, పాత సామాను పారేయడానికి శనివారం లారీ వస్తుందనీ చెప్పాడు. "నాన్న ఏరిన రెండొందలూ సంఘానికి ఇచ్చేశాం కదా. మిగతా డబ్బాలు ఎవరిక్కావాలమ్మా? ఎవరో పోయినవాళ్ల మొహాలు. ఆ వాసనకి నాకు చిన్నప్పుడే తలనొప్పి వచ్చేది."

"నీకొచ్చిన తలనొప్పికి మందు రాసింది కూడా నేనే" అనబోయి, అతని పళ్లెంలో ఇంకో చేపముక్క వేసింది. నలభై ఏళ్లుగా నోటిదాకా వచ్చిన మాటకి బదులు ఎవరో ఒకరి పళ్లెంలో ఏదో ఒకటి వడ్డిస్తూనే ఉంది. చేతులు కడుక్కుంటూ తనని తాను అడిగింది: ఇంతమంది పేర్లు ఎందుకు రాశావు మరి? చెత్తలో పారేయడానికా?

గురువారం హస్లిందా పేర్లు సరిచూసుకోవడానికి వచ్చినప్పుడు వెంట నలభై ఏళ్లు దాటిన ఒకామె ఉంది. పేరు రోకియా. ప్రదర్శన గురించి పేపర్లో చదివి సంఘం గుమ్మం దగ్గర నిలబడి ఉందట.

"మా అమ్మ నా నాలుగో ఏట పోయింది అక్కా. గుర్తింపు కార్డుకని ఒక్కసారే ఫొటో దిగిందట. ఆ కార్డు చావుతో పాటే సర్కారుకి వెనక్కిచ్చేశారు. నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఎలా ఉండేదో అడిగితే, ఆడదానిలా ఉండేది అనేవాడు" అంటూ నవ్వింది రోకియా, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇలాంటివాళ్లు రోజుకి పదిమంది వస్తారు. ఇది స్టూడియోనా, సత్రమా?" అని తియాన్ లాయ్ గొణిగాడు.

"అమ్మ పేరు?"

"హాజర్. కొబ్బరన్నం అమ్మేది."

గైకిమ్ మేడ ఎక్కింది. ముగ్గురు హాజర్లున్నారు. మూడో కవరు తెచ్చి కిటికీ దగ్గర నిలబడి చదివింది. "హాజర్. స్టేషను వెనక కొబ్బరన్నం. ఎడమ కనుబొమ్మలో గాటు. బిడ్డ లోపలికి రానని గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. మిఠాయి ఇచ్చినా ఊరుకోలేదు. రవిక నాది."

రోకియా తల తిప్పి వీధి గుమ్మం కేసి చూసింది.

"ఆ ఏడ్చింది నేనే" అంది రోకియా.

చీకటి గదిలోకి ఆమెని చేయి పట్టుకుని తీసుకెళ్లింది గైకిమ్. ఎర్ర దీపం కింద, తొట్టిలో తెల్ల కాగితం మీద ముందు జుట్టు తేలింది, తర్వాత కనుబొమ్మ, గాటు, నీలం రవిక మెడ, ఆఖరికి కళ్లు. గుమ్మంలో ఏడుస్తున్న బిడ్డ వైపు ఆ కళ్లు కాస్త తిరిగి ఉన్నాయి. రోకియా తొట్టి అంచు పట్టుకుని వంగి చూసి, "అయ్యో, మా అమ్మ నాకంటే చిన్నదక్కా!" అంది. అని, తనకంటే చిన్నదైన ఆ తల్లిని చూసి ఇన్నేళ్లకి మళ్లీ ఏడ్చింది.

తడి ఫొటో బయటికి తెస్తే తియాన్ లాయ్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. "అబ్బ! ఆ చూపు చూశారా? ఎవరు తీశారనుకున్నారు!" నిజమే, ఆయనే తీశాడు. బాగా తీశాడు. తీసిన మరుక్షణం మర్చిపోయాడు. నలభై వానాకాలాలు ఆ చూపు చెరిగిపోకుండా ఎవరు ఉంచారన్నది మాత్రం ఆయనకి తట్టలేదు.

"అంకుల్, ఇలాంటివి పైన ఎన్ని ఉన్నాయి?" అంది హస్లిందా.

"నలభై వేలు ఉంటాయి" అంది గైకిమ్.

"అవి మాకిచ్చేయండి అంకుల్! ఊరంటే గడియారపు స్తంభమా? ఈ మనుషులే కదా!"

తియాన్ లాయ్ మొహం ముడుచుకుంది. తను ఏరిన రెండు వందలూ ఒక్కసారిగా చిన్నబోయినట్టు తోచింది కాబోలు. "చూడమ్మాయ్. నా పని ఆ రెండొందలూ. నా పేరు వాటి మీదే ఉండాలి. పైనున్న ఆ బియ్యం డబ్బాలన్నీ ఆవిడ చెత్త. శనివారం లారీకి పోతాయి."

ఆ మాట గైకిమ్ వీపున చరిచినట్టు తగిలింది. తగిలిన చోటే ఏదో తెరుచుకుంది. ఒకసారి లోలోపల ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఈ ఇంట్లో ఇల్లు ఆయనది, బోర్డు ఆయనది, కెమెరాలు ఆయనవి, కొడుకు ఆయన వంశం. మొదటిసారి, సాక్షుల ముందు, ఒకటి తనదని ఆయనే చెప్పాడు.

"అయితే నాదేనంటారా?" అంది.

"నీదే, నీదే. నెత్తిన పెట్టుకో."

"హస్లిందా, ఇచ్చేవాళ్లు సంతకం పెట్టే కాగితం ఉందన్నావే, తెచ్చావా అమ్మా?"

ఆ పిల్ల సంచిలోంచి కాగితం తీసిన వేగం చూసి రోకియా కూడా నవ్వేసింది. దాత పేరు అన్న చోట గైకిమ్ తన పుట్టింటి పేరుతో సహా మూడు చైనీస్ అక్షరాలు నింపాదిగా రాసింది. తియాన్ లాయ్ నోరు తెరిచి, పరాయి ఆడవాళ్లిద్దరి మొహాలు చూసి, మూసుకున్నాడు. అన్న మాట వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది. పరువంటే ఆయనకి ప్రాణం.

శనివారం లారీ వచ్చింది, కాకపోతే గోడౌనుకి వెళ్లింది. డబ్బాలు మోయిస్తూ, "అమ్మా, నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా" అన్నాడు చీవెంగ్. "చెప్తే నువ్వు వద్దనేవాడివి నాయనా" అంది గైకిమ్. ఈసారి ఎవరి పళ్లెంలోనూ ఏమీ వడ్డించకుండానే అంది.

కవర్ల మీది రాత ఆమెకి తప్ప ఎవరికీ పూర్తిగా అర్థం కాదు. అందుకని సోమవారం నుంచి పొద్దున ఎనిమిదింటికి గొడుగేసుకుని గోడౌనుకి వెళ్లడం మొదలుపెట్టింది. ఆమె చదివేది, హస్లిందా రాసుకునేది. రోజుకి యాభై పేర్లు. జైలు వార్డరు భార్య, పడవ లాగే సోదరులు, పెళ్లిచూపుల కోసం ఫొటో దిగి ఆ పెళ్లి వద్దనుకున్న కుట్టుపని అమ్మాయి.

"మరి మధ్యాహ్నం నా అన్నం?" అన్నాడు తియాన్ లాయ్ మొదటిరోజు, గుమ్మం దాకా వచ్చి.

"కుక్కరుకి ఉన్నది ఒక్కటే మీట. అంత పెద్ద కెమెరా ఆడించారు, ఇదెంత?"

వారం రోజులు ఆయన మూతి ముడుచుకునే మీట నొక్కుకున్నాడు. ఎనిమిదో రోజున, అన్నం కాస్త పలుకైందని తనే చెప్పాడు. నీళ్లు ఇంకో వేలెడు పొయ్యమంది.

ప్రదర్శన మొదలయ్యే ముందురోజు హస్లిందా వచ్చి, డబ్బాలు ఇచ్చినవాళ్ల ఫొటో గోడకి పెడతామని, గైకిమ్‌ది ఒకటి అడిగింది. ఇల్లంతా వెతికారు. నలభై వేల నెగటివ్‌లు కడిగిన మనిషిది, గుర్తింపు కార్డు మీది గోరంత బొమ్మ తప్ప, ఒక్క ఫొటో లేదు. పెళ్లి ఫొటోలో తల వంచుకుని ఉంది, పూలు తప్ప మొహం కనపడదు.

తియాన్ లాయ్ పాత కెమెరా దించి, మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, దీపం సర్దాడు. గైకిమ్ స్టూలు మీద కూర్చుంది. ఆయన నల్లగుడ్డలో తల దూర్చి, ఇన్నేళ్లూ ఊరందరికీ చెప్పినట్టే చెప్పాడు.

"గడ్డం కాస్త దించు. ఎడమకి. చేతులు దాచుకో. ఊఁ, ఇప్పుడు నవ్వు."

ఆమె గోధుమరంగు వేళ్లు ఒళ్లో పైకి కనపడేలా పెట్టుకుని, గడ్డం దించకుండా, కటకంలోకి సూటిగా చూసింది.

"నవ్వాలో వద్దో నేను చూసుకుంటాను. మీరు నొక్కండి."