రస్సెల్ చదివిన ఉత్తరం

విల్డా ఆ ఉపన్యాసాన్ని మూడుసార్లు తిరగరాసింది. ఇరవై రెండేళ్లుగా సముద్రపొడ్డున ఉన్న హిర్టిల్స్ కోవ్ ఊళ్లో పడవల క్లబ్బుకు కార్యదర్శి ఆమె. అధ్యక్షుడు రస్సెల్ నికిల్ సభల్లో చదివేదంతా ఆమె రాసిచ్చిందే. ముందుగా ఒకసారి చూసుకునే అలవాటు ఆయనకు లేదు.

ఈసారి మ్యూరియల్ కార్కమ్ సంస్మరణ సభ. నా అన్నవాళ్లు లేని పిల్లలకు తెరచాప పడవలు నడపడం ఉచితంగా నేర్పే సంస్థకు ఆవిడే అండ. చిరిగిన తెరచాపలు తనే కుట్టేది, తడిసి వచ్చిన పిల్లలకు వేడివేడిగా చేపల సూపు పోసేది. ఆరేళ్ల కిందట రస్సెల్ ఆ పిల్లల్ని క్లబ్బు రేవులోంచి వెళ్లగొట్టాడు. అప్పట్నుంచి ఆవిడ ఊరవతల రాళ్ల ఒడ్డున పడవలు దింపేది. పోయిన శరదృతువులో అక్కడే జారిపడి, తుంటి విరిగి, మంచాన పడి చనిపోయింది.

"బాగా రాయి విల్డా. ఆవిడకి నేనెంత చేశానో జనానికి తెలియాలి," అన్నాడు రస్సెల్.

"తెలిసేలానే రాస్తాలెండి."

హాలు నిండింది. రస్సెల్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"మ్యూరియల్‌కి నేను స్వయంగా రాసిన ఉత్తరంలోని మాటలివి. 'మీ అలగా పిల్లల గోలతో మా సభ్యులకు మనశ్శాంతి లేదు. వాళ్ల మురికి కాళ్లు మా రేవు మీద...'"

ఆగాడు. కాగితం వెనక్కి తిప్పి చూశాడు.

"ఆగావేం, చదువు!" ముందు వరుసలోంచి డారెల్ అరిచాడు. ఒకప్పుడు మ్యూరియల్ దగ్గర నేర్చుకున్నవాడు, ఇప్పుడు సొంత చేపల పడవ నడుపుతున్నాడు. "ఆ మురికి కాళ్లు నావే!"

రస్సెల్ మొహం ఉడికిన రొయ్యలా ఎర్రబడింది. విల్డా వైపు వేలు చూపించాడు. "ఆ ఉత్తరం టైపు చేసిందెవరో అడగండి!"

విల్డా లేచింది. "నేనే. ఆయన చెప్పాడు, నేను టైపు చేశాను, నేనే పోస్టులో వేశాను. ఆ రోజు నేను నోరెత్తి ఉంటే ఆవిడ ఆ రాళ్ల మీదికి వెళ్లేది కాదు. ఇద్దరం కలిసే చేశాం రస్సెల్. అందరి ముందూ ఇద్దరం కలిసే తలొంచుకుందాం."

రస్సెల్ పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా పదవి వదులుకున్నాడు. విల్డా ఉద్యోగమూ పోయింది.

జూన్‌లో పిల్లల పడవలు మళ్లీ క్లబ్బు రేవులో దిగిన రోజు మ్యూరియల్ చెల్లెలు విల్డా పక్కన వచ్చి నిలబడింది.

"అక్క ఉంటే నిన్ను కడిగేసేది. ఇలా కక్ష తీర్చుకోవడం ఆవిడకి నచ్చేది కాదు."

"తెలుసు," అంది విల్డా. "కడిగెయ్యడానికి ఆవిడ లేదుగా. అందుకే చేశాను."