ఏటి ఒడ్డున క్రేను

రైతు వెంకయ్య గిత్త ఏటి బురదలో కూరుకుపోయిందన్న కబురు వచ్చేసరికి జయకుమారి తన గ్రానైట్ ఫ్యాక్టరీలో కొత్త పలకల నునుపు చూస్తోంది. చేతిలో తడిగుడ్డ అక్కడే పడేసి ఏటి వైపు పరుగెత్తింది.

అద్దంకి రోడ్డు పక్కనున్న ఆ ఏటి గట్టు మీద గ్రానైట్ ఫ్యాక్టరీలు, ఒక పత్తి మిల్లు, సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ వరసగా ఉన్నాయి. రాయి కోసేటప్పుడు వచ్చే బూడిద రంగు బురదను గ్రానైట్ ఫ్యాక్టరీల వాళ్లంతా ఏళ్ల తరబడి ఏట్లోకే వదిలారు. జయకుమారీ అంతే. ఆ బురద పైన ఎండిపోయి గచ్చులా కనిపిస్తుంది, కింద అంతా జావ. నీళ్ల కోసం వచ్చిన గిత్త గచ్చే అనుకుని అడుగు పెట్టింది. బండలాగుడు పందేల్లో పేరు మోసిన ఒంగోలు గిత్త, ఇప్పుడు పొట్ట దాకా దిగబడి బుసలు కొడుతోంది.

వెంకయ్య మొలలోతు బురదలో దాని మెడ కావలించుకుని ఉన్నాడు. "ఒరే బుజ్జిగా, కదలబాకరా! కదిలితే ఇంకా దిగిపోతావు!" అని బతిమాలుతున్నాడు.

జనం తాళ్లేసి లాగుతున్నారు. లాగినకొద్దీ గిత్త ఇంకాస్త దిగుతోంది.

జయకుమారి వెనక్కి తిరిగి కేకేసింది. "సిలార్! క్రేను తీసుకురా. రాళ్లు లేపే వెడల్పు బెల్టులు కూడా!"

"ఎద్దును లేపడం నాకు తెలవదు మేడమ్!" అన్నాడు క్రేను డ్రైవరు సిలార్.

"నాకు మాత్రం తెలుసా? తీసుకురా ముందు!"

క్రేను వచ్చింది గానీ మెత్తటి నేల మీద నిలవలేదు. పత్తి మిల్లు యజమాని రామకాంత్ తన మిల్లు నుంచి మందపాటి ఇనుప రేకులు తెప్పించి చక్రాల కింద పరిపించాడు. ఇటుకల ఫ్యాక్టరీ నడిపే బుడే బురదలోకి దిగి, వెంకయ్యతో కలిసి గిత్త పొట్ట కింద నుంచి బెల్టులు దూర్చాడు. సిలార్ ఊపిరి బిగబట్టి లీవరు లాగాడు. బురద ఒక్కసారి చప్పరించినట్టు చప్పుడు చేసి, గిత్తను వదిలింది.

నాలుగు కాళ్లూ వేలాడేసుకుని గాల్లోకి లేచిన గిత్త అంతసేపటి బుసలు మాని, కింద జనాన్ని వింతగా చూసింది.

"ఎట్లా చూస్తన్నాడో చూడండి! విమానం ఎక్కినట్టుంది వాడికి" అన్నాడు బుడే. అందరూ పగలబడి నవ్వారు. వెంకయ్య ఏడుస్తూనే నవ్వాడు.

నేల మీద దించాక గిత్త వణికింది గానీ నిలబడింది. దాని కళ్ల నిండా బురదే. కడుగుదామంటే ఏటి నీళ్లు సున్నం కలిపినట్టున్నాయి. చివరికి రామకాంత్ ఫోన్ చేస్తే ఊళ్లోంచి ట్యాంకరు వచ్చింది.

ఏటి ఒడ్డున నిలబడి ట్యాంకరు నీళ్లతో గిత్తను కడుగుతుంటే జయకుమారికి తల కొట్టేసినట్టయింది. వెంకయ్య తిట్టినా బాగుండేది. ఆయన "నీ క్రేను లేకపోతే వీడు దక్కేవాడు కాదమ్మా" అని చేతులు జోడించాడు.

"దండం పెట్టబాక బాబాయ్. వాడు దిగబడింది మా బురదలోనే" అంది ఆమె.

తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగింది. "క్రేను ఇక్కడే ఉంది. రేకులు పరిచే ఉన్నాయి. మనం కూడా ఎట్లాగూ బురదలోనే ఉన్నాం. ఇదంతా ఎత్తేద్దాం."

"ఇయ్యాల ఎత్తితే రేపు మళ్లీ పోస్తారు గదండీ" అన్నాడు రామకాంత్.

"ముందు నా ఫ్యాక్టరీలో తొట్లు కట్టిస్తా. బురద అడుక్కి పేరుకుంటుంది, పైన తేరిన నీళ్లు మళ్లీ మిషన్లకే వాడుకుంటా. నాది ఆగితేనే గదా ఇంకొకళ్లని అడిగే మొహం ఉండేది!"

"మరి ఎత్తిందంతా ఎక్కడ పోస్తారు? నా మిల్లు వెనకనా?"

బుడే మొహం తుడుచుకుంటూ కల్పించుకున్నాడు. "ఎండబెట్టి నాకియ్యండి. ఇటుకల్లో కొంత కలిపి చూస్తా."

మొదట చేసిన ఇటుకలు పట్టుకుంటేనే విరిగిపోయాయి. బుడే పాళ్లు మార్చి మార్చి చివరికి ఒక గట్టి ఇటుక తీశాడు. పెళ్లి శుభలేఖలా దాన్ని పట్టుకుని ప్రతి ఫ్యాక్టరీకీ వెళ్లి చూపించాడు. జయకుమారి తొట్లు చూసిపోయినవాళ్లు తామూ కట్టించుకున్నారు. ఒకరిద్దరు మొండికేస్తే వెంకయ్య ఏటి నీళ్లతో పండించే మిరప రైతుల్ని వెంటేసుకుని వెళ్లి, వాళ్ల గేట్ల ముందు గట్టిగానే మాట్లాడి వచ్చాడు. ఎండాకాలమంతా పొక్లెయిన్లూ ట్రాక్టర్లూ ఏట్లో తిరిగాయి.

వానలకు ఏరు వచ్చింది. మొదట ఎర్రగా పారింది, తర్వాత తేటపడింది. అడుగున గులకరాళ్లు కనిపించాయి. ఊరి మురుగుకాలవ కలిసే చోట మాత్రం ఇంకా నల్లగానే ఉంది. దానికోసం అందరూ కలిసి మున్సిపాలిటీ చుట్టూ తిరుగుతున్నారు. అయినా పత్తి మిల్లు ఆడవాళ్లు మధ్యాహ్నం క్యారియర్లు తెచ్చుకుని గట్టు మీదే కూర్చుని తింటున్నారు.

ఒక సాయంత్రం జయకుమారి గట్టున కానుగ మొక్కలు నాటిస్తుంటే అరుపులు వినిపించాయి. ఎక్కడిదో ట్రాక్టరు చెత్త దిమ్మరించడానికి వచ్చింది. దాని ముందు రామకాంత్ ఇస్త్రీ చొక్కాతో, చేతులు బార్లా చాపి నిలబడ్డాడు.

"ఒరేయ్, ఎవడిదిరా బండి? నీ ఇంటి ముందు పోసుకోరాదూ!"

డ్రైవరు గొణుక్కుంటూ బండి తిప్పాడు. రామకాంత్ రోడ్డెక్కేదాకా దాని వెంటే పరుగెత్తి, రొప్పుతూ తిరిగొచ్చాడు.

"కాసేపు కూర్చోండి రామకాంత్ గారూ, మంచినీళ్లు తాగండి" అంది జయకుమారి నవ్వు ఆపుకోలేక.

"కూర్చుంటే పొద్దుగూకుద్ది. నేను నాటే మొక్క ఏదీ?" అంటూ ఆయన చొక్కా చేతులు మడిచి పార అందుకున్నాడు.